పెద్దవాళ్ల ఉయ్యాల

సిరిసిల్లలో వార్డు ఆఫీసరుగా చేరిన మూడో వారంలో మా వార్డు పార్కులో పిల్లల ఉయ్యాల తెగింది. పొద్దున నేనింకా టీ తాగుతుండగానే వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"మేడం, ఉయ్యాల తెగింది. పోరలు తెంపిండ్లు."

"ఎవలన్న పడ్డరా? దెబ్బలు తాకినయా?"

"ఏమో మేడం. నేను సూసేసరికే తెగి ఉన్నది."

వెళ్లి చూశాను. సాంచలు, అంటే మరమగ్గాలు, నడిచే షెడ్ల వెనక సందులో ఉంటుందా పార్కు. చుట్టూ గోడ, లోపల నడవడానికి టైల్స్ బాట, ఒక వేప, నాలుగైదు కానుగ చెట్లు, జారుడుబండ, రెండు సీట్ల ఉయ్యాల. ఒక సీటు ఒంటి గొలుసు మీద వేలాడుతోంది. పైనున్న కొక్కెం వంపంతా పోయి మేకులా సాగింది. పక్కనే బోర్డు: పన్నెండేళ్లలోపు పిల్లలకు మాత్రమే. ఆ కొక్కేన్ని చూస్తే అది పన్నెండేళ్లలోపు బరువులా అనిపించలేదు.

"పోరలేనా?" అని మళ్లీ అడిగాను.

"పోరలే మేడం," అన్నాడు వాచ్‌మన్, నా వైపు చూడకుండా, కాలితో ఎండుటాకులను పక్కకు నెడుతూ.

ఈ ఉద్యోగం రాకముందు నేను జగిత్యాల మున్సిపాలిటీలో నాలుగేళ్లు అవుట్‌సోర్సింగ్‌లో చేశాను. పార్కులకు నీళ్ల ట్యాంకరు వచ్చిందో లేదో చూడడం, ఎండిన మొక్కల చోట కొత్తవి పెట్టించడం నా పని. అక్కడొక ముసలి తోటమాలి ఉండేవాడు. రాయికల్ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. ఒకసారి అక్కడి పార్కులో జనం గేటు నుంచి గడ్డి మీదుగా అడ్డంగా నడుస్తూ పచ్చికను ఒక చారలా చంపేశారు. ఆఫీసులో ముళ్లకంచె వేయమన్నారు. కాక మాత్రం రెండు రోజులు చెట్టు కింద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూశాడు. మూడో రోజు సరిగ్గా ఆ చార మీదే బండలు పరిపించాడు.

"కంచె ఏస్తే దుంకుతరు బిడ్డా," అన్నాడు నాతో. "ఆఫీసుల కూసుండి పార్కును సూడకు. ఆడ కూసుండి సూడు."

బండలు పడ్డాక గడ్డి మీద అడుగు పెట్టినవాళ్లు లేరు. నాలుగేళ్లలో నేను నేర్చుకున్న పని ఏమిటంటే ఇదొక్కటే చెప్తాను. అందుకని ఉయ్యాల సంగతి కాగితం మీద పెట్టే ముందు ఒక రోజంతా పార్కులోనే కూర్చోవాలనుకున్నాను.

మా పార్కు పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరుస్తారు. నడుమంతా తాళమే. ఆ రోజు తాళం వేయొద్దన్నాను.

"రూల్ ఒప్పుకోదు మేడం," అన్నాడు వాచ్‌మన్.

"ఈ ఒక్కరోజు నన్నే రూల్ అనుకో."

పొద్దున నడిచేవాళ్లు వచ్చారు. ఎక్కువగా రిటైరైన ఉద్యోగులు. వాళ్లకు పెద్ద ఒక తెలుగు సారు, బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అందరూ ఒకే దిక్కుగా నడవాలని ఆయన పట్టు. ఎదురు దిక్కున నడిచిన ఒకాయన్ని నా కళ్ల ముందే వెనక్కి తిప్పాడు. ఎండ పైకి వచ్చేసరికి వాళ్లంతా వెళ్లిపోయారు. ఆ తర్వాత గంటల తరబడి నేనూ, వాచ్‌మనూ, ఉడతలూ.

మధ్యాహ్నమప్పుడు గోడ అవతల ఆడవాళ్ల మాటలు వినిపించాయి. బయటికెళ్లి చూశాను. పార్కులోని కానుగ చెట్టు కొమ్మలు గోడ దాటి సందులోకి వంగి ఉన్నాయి. ఆ నీడలో, మురుగు మోరీ పక్కన, ఏడెనిమిది మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నారు. చెట్టు లోపల, నీడ బయట, మనుషులు మోరీ వాసనలో.

"లోపలికెందుకు రారు? గేటు తీసే ఉన్నది గదా," అన్నాను.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరిలో పెద్దామె, అరవై ఉంటాయేమో, కత్తెర ఆపి, "నువ్వెవ్వలు బిడ్డా?" అంది.

చెప్పాను. ఆఫీసు మనిషినని తెలియగానే అందరూ తలలొంచి ఆకు కత్తిరించసాగారు. పెద్దామె మాత్రం గడ్డంతో వాచ్‌మన్ వైపు చూపించింది. "ఆయన రానియ్యడు."

వాచ్‌మన్ గేటు పక్కనున్న బోర్డు చూపించాడు. బీడీలు, సిగరెట్లు నిషేధం. "నేను జెప్పుడు కాదు మేడం, రాసే ఉన్నది."

"నాకు సదువు రాదనుకున్నవా?" అందామె. "తాగుడు బందువెట్టిండ్లు గని చేసుడు బందువెట్టిండ్లా? ఏడ రాసున్నది, సూపెట్టు!"

నాకు నవ్వు ఆగలేదు. వాచ్‌మన్ కూడా కాసేపు బిగబట్టుకుని నవ్వేశాడు. అందరూ చాటలెత్తుకుని లోపలికి వచ్చారు. పెద్దామె చెట్టు వైపు పోకుండా ముందు తెగిన ఉయ్యాల దగ్గరికి నడిచి, సాగిపోయిన కొక్కేన్ని తలెత్తి చూసింది. వెనకనున్న వాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నవ్వాపుకోలేక ఒకామె భుజాలు ఊగిపోతున్నాయి.

నాకు అర్థమైంది. అయినా అడిగాను. "ఎవలు తెంపిండ్లు?"

"నేనే," అంది పెద్దామె. "ముగ్గురం అచ్చినం. ఒకల ఎనక ఒకలం ఊగినం. నా వంతుల తెగింది. నడుము ఇంక గుంజుతనే ఉన్నది."

"మిగిలిన ఇద్దరు?"

నవ్వుతున్న ఆమె చెయ్యెత్తింది. రెండో ఆమె చెయ్యెత్తకుండా వాచ్‌మన్ వైపు చూసింది. వాచ్‌మన్ నేల చూస్తున్నాడు. ఆమె ఆయన భార్య అని, గేటు తాళంచెవి ఆమె చేతికి దొరుకుతుందని అప్పుడు తెలిసింది. పోరలు తెంపారని ఆయన అంత గట్టిగా ఎందుకు చెప్పాడో కూడా తెలిసింది.

పెద్దామె ఉయ్యాల కంబానికి ఆనుకుని నిలబడి, తప్పు చేసిన మనిషిలా కాక, జరిగింది చెప్పే మనిషిలా చెప్పింది.

"ఎనిమిదేండ్లప్పటి సంది నూలు కండెలు సుట్టిన బిడ్డా. పెండ్లయినంక బీడీలు. బిడ్డలను ఊపిన, మనుమరాండ్లను ఊపిన. నన్నెవ్వలు ఊపలే. ఆ పొద్దు పార్కుల ఎవ్వలు లేరు. జర కూసుండి సూద్దామనుకున్న. తప్పాయె."

"పడ్డవు గదా, బుగులు కాలేదా?"

"అయింది. గని తెగేదాకా మస్తు మంచిగుండె."

ఆఫీసుకెళ్లి కాగితం తీశాను. కారణం అన్న చోట ఉన్నదే రాశాను: వార్డులోని పెద్ద వయసు మహిళలు ఊగడం వల్ల, వారికి తగిన ఉయ్యాల లేనందువల్ల. ఇంజినీరు సారు అది చదివి, పక్క టేబుల్ వాళ్లకు కూడా వినిపించాడు.

"పెద్దోళ్లకు ఉయ్యాలనా మేడం? రేపు జారుడుబండ గూడ అడుగుతరు."

"అడిగినప్పుడు సూద్దాం సార్," అన్నాను.

కమిషనర్ మాత్రం నవ్వలేదు. తక్కువ మాట్లాడే మనిషి. కాగితం రెండుసార్లు చదివి, "పార్కుకు ఎవరు వస్తున్నారో, ఎప్పుడు వస్తున్నారో రాసి తెండి. రానివాళ్లు ఎందుకు రావట్లేదో కూడా రాయండి," అన్నాడు. ఆ రెండో మాట నాకు బాగా నచ్చింది. కానీ రానివాళ్లను ఎక్కడ పట్టుకుని అడగాలి?

ఆ ఆదివారం కోరుట్ల పోయాను. నేను పుట్టి పెరిగిన ఊరు అది. మా అమ్మ కూడా బీడీలు చేసి నన్ను చదివించింది. భోజనాలయ్యాక ఊరికే అడిగాను.

"అమ్మా, మన పార్కుకు ఎన్నడన్న పోయినవా?"

"నేనా? దానికి టికెట్ ఉంటది గద."

టికెట్ ఏనాడూ లేదు. ఆ సాయంత్రమే తీసుకెళ్లాను. గేటు దగ్గర ఆగిపోయి, "చెప్పులు ఇడిసిపెట్టాల్నా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. అయినా విడిచి చేత్తో పట్టుకుని గడ్డి మీద నడిచింది. రెండు చుట్లు నడిచాక బెంచీ మీద కూర్చుని చుట్టూ కలయజూసింది.

"ఇన్నేండ్లు ఇటుకెల్లే మార్కెట్‌కు పోయిన. ఇది ఆఫీసర్లదనుకున్న."

నాకు సిగ్గేసింది. పక్క ఊళ్లో నాలుగేళ్లు పార్కులు చూసుకున్నాను గానీ, కన్నతల్లిని సొంత ఊరి పార్కుకు ఒక్కసారి తీసుకురాలేదు. ఆమెకు అదేం పట్టలేదు. పూలమొక్కలు చూసింది, పిల్లలను చూసింది, తర్వాత నా చెవి దగ్గరికి వంగి మెల్లగా, "బాత్రూం ఉన్నదా?" అంది.

"ఎందుకే, అర్జంటా?"

"నాకు గాదు. ఆడోళ్లు ఎట్ల అస్తరు మరి, బాత్రూం లేకుంటె? గంట కూసునేటోళ్లు పావుగంటకే లేసి పోతరు."

తిరుగు బస్సులో కూర్చుని రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. మొదటి మాట బాత్రూం గురించే. సిరిసిల్ల పార్కులో బాత్రూం ఉంది, కానీ దానికీ తాళమే. లోపల చీపుర్లు, పైపులు, విరిగిన ట్యూబులైట్లు. రెండో మాట గేటు గురించి. మూడోది బీడీ బోర్డు. ఉయ్యాల నాలుగో స్థానానికి పోయింది.

కమిషనర్‌ను మధ్యాహ్నం పూట రమ్మని అడిగాను. వచ్చాడు. ఆ రోజు కావాలనే గేటుకు తాళం వేయించాను. ఆయన ముందు గోడ బయట కూర్చున్న ఆడవాళ్లను చూశాడు, తర్వాత తాళం తీయించుకుని లోపల ఖాళీ నీడను చూశాడు. నేనేమీ చెప్పే పని పడలేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా గేటు తీసి ఉంచమన్నాడు. బాత్రూం ఖాళీ చేయించి కడిగించమన్నాడు. బీడీల దగ్గర మాత్రం ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"పిల్లలు ఆడుకునే చోటమ్మా. ఆకు కత్తిరించుకోండి, ముచ్చట పెట్టుకోండి. తంబాకు మాత్రం లోపలికి తేవద్దు."

ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. పెద్దామె అందరి తరఫునా జవాబు చెప్పింది. "మంచిదే సారూ. ఆకు గీడ కత్తిరిస్తం, తంబాకు ఇంటికాడ నింపుతం. మాక్కూడ జరసేపు ఆ వాసన తప్పుతది."

ఉయ్యాలకు కొత్త ఇనుము అక్కర్లేదని, స్టోరు వెనక పడి ఉన్న పాత లైటు స్తంభాల పైపులు వాడొచ్చని కమిషనరే చెప్పాడు. చేసే మనిషి ఎవరంటే, పెద్దామె భర్తే. నలభై ఏళ్లుగా సాంచల రిపేర్లు చేస్తున్న మిస్త్రీ. సాంచల మోతలో బతికినవాడు కాబట్టి సగం వినపడదు, మాట్లాడితే సందంతా వినిపిస్తుంది. వచ్చీ రాగానే తెగిన కొక్కెం చేతిలోకి తీసుకుని, "గిది ఎవలు పెట్టిండ్లు? గిది బట్టలారేసే తీగకు పెట్టే కొక్కెం!" అని అరిచాడు. ఇంజినీరు సారు మెల్లగా పక్కకు జరిగాడు. తుక్కుకు పోయే ఒక పాత సాంచ నుంచి మిస్త్రీ బేరింగులు విప్పి తెచ్చాడు. బీడీ కట్ట మీది కాగితం వెనక ఉయ్యాల బొమ్మ గీసి నాకిచ్చాడు. కొలతలన్నీ జానల్లో ఉన్నాయి.

గుంతలు తవ్వకముందే ఆఫీసుకు ఒక అర్జీ వచ్చింది. తెలుగు సారు రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. మూడు అంశాలు. ఒకటి, పెద్ద వయసు స్త్రీలు బహిరంగంగా ఉయ్యాలలూగడం మర్యాద కాదు. రెండు, ఉయ్యాల పెట్టదలచిన స్థలం నడకబాటకు మరీ దగ్గర. ఊపులో ఉన్నప్పుడు నడిచేవారికి తగులుతుంది. మూడు, పార్కు బోర్డుల్లో ఐదు అక్షర దోషాలున్నాయి.

చదువుతుంటే మొదట కోపం వచ్చింది. తర్వాత టేపు తీసుకుని వెళ్లి కొలిచాను. రెండో మాట నూటికి నూరుపాళ్లు నిజం. సీటు పూర్తిగా ముందుకొస్తే బాట మీదికే వస్తుంది. ఇంత సేపు కూర్చుని చూశానే, ఇది నా కంటికి ఆనలేదు. అర్జీ పట్టుకుని ఆయనింటికే వెళ్లాను.

"సార్, మీరు రాసిన వాటిల రెండు నిజమే. మీరే అచ్చి జాగ సూపెట్టాలె."

ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఆ రెండు ఏవి?"

"రెండోది, మూడోది."

"మొదటిది?"

"అది ఉయ్యాల అయినంక మాట్లాడుకుందాం సార్."

ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. మర్నాడు పొద్దున మాత్రం సుద్దముక్కతో పార్కుకొచ్చి, అడుగులు కొలుచుకుంటూ నడిచి, గోడవైపు మూలలో పెద్ద గీత గీశాడు. "ఈ గీత దాటి ఇవతలికి రాకూడదు." ఉయ్యాల అక్కడే నిలబెట్టాం. బోర్డులు కూడా ఆయనే దగ్గరుండి తిరిగి రాయించాడు. ఉయ్యాలను ఆ తర్వాత ఆయన తిట్టలేదు, మెచ్చుకోనూలేదు. ఆడవాళ్లు ఊగేటప్పుడు ఆ వైపు నడవాల్సి వస్తే తల తిప్పుకుని కాస్త తొందరగా నడుస్తాడు, అంతే.

సిమెంటు ఆరాక ఇంజినీరు సారు ఇసుక బస్తాలతో బరువు పరీక్ష చేయాలన్నాడు. మిస్త్రీకి రెండుసార్లు గట్టిగా చెప్తేగానీ వినపడలేదు. వినపడ్డాక ఆశ్చర్యపోయాడు.

"ఇసుక బస్తలు ఊగుతయా సారూ? మనుషులు ఊగుతరు. మీరే కూసోండ్రి."

అందరం చూస్తున్నాం కాబట్టి ఆయనకు కూర్చోక తప్పలేదు. పక్క సీటులో వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. మిస్త్రీ చేతులు తుడుచుకుని, సాంచను జరిపేంత బలంతో ఒక్క తోపు తోశాడు. ఇంజినీరు సారు కాలి చెప్పు ఎగిరి క్రోటన్ మొక్కల్లో పడింది.

"ఆపు! ఆపవయ్యా!"

మిస్త్రీకి వినపడలేదు. ఇంకో తోపు తోశాడు. ఆడవాళ్లు చెట్ల కింద కూర్చుని చప్పట్లు కొట్టారు. నాలుగైదు ఊపులయ్యాక సారు గొంతు మారింది. ఆపమనడం మానేశాడు. దిగేసరికి జుట్టంతా చెదిరి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు. క్రోటన్లలో చెప్పు వెతుక్కుని, అక్కడికక్కడే నా ఫైలు తీసుకుని సంతకం పెట్టాడు. పరీక్ష సంతృప్తికరం అని రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లు వచ్చారు. మొదటి వంతు పెద్దామెదే అని ముందే అనుకున్నారు. తీరా సమయానికి ఆమె గొలుసు పట్టుకుని నిలబడిపోయింది. కూర్చోదు.

"ఏమాయెనే? పిల్లల ఉయ్యాల తెంపినప్పుడు లేని బుగులు ఇప్పుడెందుకే?" అంది వాచ్‌మన్ భార్య.

"అప్పుడు ఎవ్వలు సూడలే గద," అందామె. మొహం నిజంగానే వాడిపోయింది. ఇంత చేసి ఈమే ఊగకపోతే?

మిస్త్రీ ఇదంతా వింటున్నట్టే లేడు. బేరింగుకు నూనె పెట్టడం ముగించి, గుడ్డ భుజాన వేసుకుని, భార్య వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "కూసో. గట్టిగ పట్టుకో," అన్నాడు. ఆయన మెల్లగా అన్నాననుకున్నాడు. సందు చివర కిరాణా దుకాణం వాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.

ఆమె కూర్చుంది. "మెల్లగ! మెల్లగ నూకు!" అని అరిచింది.

ఆ మాట మాత్రం ఆయనకు వినపడింది. రెండు చేతులూ ఆమె వీపుకు ఆనించి, నెమ్మదిగా తోశాడు. చెప్పుల్లేని పాదాలు నేలను వదిలాయి. మొదటి రెండు ఊపులకు ఆమె కళ్లు మూసుకుంది. మూడో ఊపులో తెరిచింది. ఆ తర్వాత ఎవరి వైపూ చూడలేదు. కానుగ కొమ్మల వైపే చూస్తూ, చిన్న గొంతుతో "అబ్బ" అంటూ ఊగింది. మేమంతా ఏదో వేళాకోళం చేయాలని సిద్ధంగా ఉన్నవాళ్లమే. ఆ సంగతే మరిచిపోయాం.

దిగాక, "ఎట్లున్నది?" అని అడిగాను.

"కడుపుల గాలి నిండినట్టున్నది," అంది. తర్వాత వరసలో ఉన్నవాళ్లను చూసి, "ఆగుండ్లి, ఇంకొక్కసారి," అని మళ్లీ ఎక్కింది. వంతుల పంచాయితీ ఆ క్షణమే మొదలైంది. ఇప్పుడు మనిషికి ఐదు నిమిషాలు. వాచ్‌మన్ ఫోన్‌లో అలారం పెట్టి కూర్చుంటాడు. భార్యకు ఎక్కువసేపు ఇస్తున్నాడని వారానికో ఫిర్యాదు నా దగ్గరికి వస్తుంది.

పార్కులో పని తరగలేదు, పెరిగింది. ఉయ్యాల కింద గడ్డి పోయి వానకు బురదైతే ఇసుక పోయించాం. తునికాకు ముక్కలు ఎవరు ఊడ్వాలని ఆడవాళ్లు రెండు రోజులు అలిగారు, తర్వాత వారాలు పంచుకున్నారు. జగిత్యాల ఆఫీసు నుంచి ఫోన్ చేసి కొలతలు అడిగితే మిస్త్రీ గీసిన బొమ్మ ఫోటో పంపాను. జాన అంటే ఎవరి జాన అని అక్కడి ఇంజినీరు అడిగాడట. మా అమ్మ సిరిసిల్ల వచ్చి ఊగింది. దిగి, "బాత్రూం మంచిగ పెట్టిండ్లు," అని మెచ్చుకుంది.

మొన్న సాంచల మీద పనిచేసే మగవాళ్లు ఎనిమిది మంది సంతకాలతో ఒక కాగితం తెచ్చిచ్చారు. షిఫ్టు దిగి పార్కుకొస్తే ఉయ్యాల దగ్గర నవ్వులు, పిల్లల కేకలు. పన్నెండు గంటలు సాంచల మోత విన్న చెవులకు చప్పుడు లేని చోట ఒక బెంచీ కావాలని. నిన్న వాళ్లతో కలిసి టేపు పట్టుకుని పార్కంతా తిరిగాను. ప్రతి మూలలోనూ కూర్చుని కళ్లు మూసుకుని విన్నారు. ఒక మూల ట్యాంకు మోటారు, ఒక మూల బడి మైకు. చివరికి వేప చెట్టు వెనక గోడ దగ్గర అందరూ చతికిలబడ్డారు.

"గీడ మంచిగున్నది మేడం," అన్నాడు ఒకాయన. "నిమ్మలంగున్నది."

బెంచీ పొడవు ఎంత కావాలో అడుగుదామని తిరిగేసరికి ఇద్దరు గోడకానుకుని నిద్రపోయారు. మిగతావాళ్లు నన్ను మెల్లగా మాట్లాడమని సైగ చేశారు. సైగలతోనే కొలిచి, ఎనిమిది మందికి సరిపోయే పొడవు రాసుకుని వచ్చాను.